శవం ముందర వేలిముద్ర వేయం!



మాల మాదిగ వాడల ఒక సావు అయితే, అదీ రోగమొచ్చి పోయిన సావు గాకుండ ఎవడో చేసిన తప్పుకు పోయిన సావు అయితే, ముందుగాల వచ్చేది ఎవరు? దూరపు చుట్టాలు ఇంకా బస్సు ఎక్కకముందే, డప్పులు కాపకముందే వచ్చేది పెద్దమనుషులు! తెల్లబట్టలు, జేబుల మడిచిన స్టాంపు కాయితం. "పోయినోడు పోయిండు. ఉన్నోళ్ళ సంగతి సూడాలె గద! ఓ లచ్చ ఇప్పిస్త. కేసు గీసు అని తిరిగితే చెప్పులు అరుగుడు దప్ప ఏమొస్తది?" అని అరుగు మీద కూసుండి నీతి చెప్తరు. "నీ కాల్మొక్త పటేలా, నాకేం తెల్వది" అని ఆ తల్లి నేల మీద పడి ఏడుస్తుంటది. ఆమె బొటనవేలు పట్టి సిరా అద్దుతరు. శవం ఇంకా వాకిట్లనే ఉంటది.

నల్లగొండల, పాలమూరుల ఈ తతంగం మేము ఎన్నిసార్లు చూసినమో లెక్క లేదు. బావిల పూడిక తీస్తుంటే దరి కూలి చచ్చినోనికి ఇదే. మోటరు కాడ షాక్ కొట్టి చచ్చిన జీతగానికి ఇదే. పట్నంల సెంట్రింగ్ మీదికెల్లి పడ్డ పిలగానికి ఇదే. చంపినోడు మారుతడు గాని కాయితం మారదు. ఆ కాయితం మీది మాట గూడ మారదు: "మా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా, ఇకమీదట ఎటువంటి క్లెయిము చేయబోమని..."

ఈసారి ఆ కాయితం మీదనే మాట్లాడదల్చుకున్నాం.

దయ ఎవరిది? హక్కు ఎవరిది?

సర్కారు ఇచ్చే పైసలకు ఒక పేరు పెట్టుకున్నది. ఎక్స్‌గ్రేషియా. అది లాటిన్ మాట. అర్థం ఏందంటే "దయతో". అంటే ఇయ్యకపోతే అడిగే హక్కు లేదు, ఇస్తే దండం పెట్టాలె. పరిహారం అట్ల కాదు. నీ తప్పు వల్ల నా మనిషి పోయిండు, నష్టం కట్టు అని నిలదీసి తీసుకునేది పరిహారం. దయతో ఇచ్చినోడు దాత అయితడు. పరిహారం కట్టినోడు దోషి అయితడు. మరి ఏ పాలకుడు దోషి అనిపించుకుంటడు? అందుకే చెక్కు పంచేటప్పుడు ఫొటో దిగేది దాత లెక్కనే.

అడ్డగూడూరు మతికి ఉన్నదా? 2021 జూన్ 18. పాత నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. మరియమ్మ అనే దళిత స్త్రీ ఖమ్మం జిల్లా చింతకాని మండలం నుంచి వచ్చి గోవిందాపురంలో ఒక చర్చి ఫాదర్ ఇంట్ల వంట చేసి బతుకుతున్నది. ఇంట్ల రెండు లక్షలు పోయినయని ఫిర్యాదు. ఆమెనూ ఆమె కొడుకునూ పట్టుకొచ్చిండ్రు. కొట్టిండ్రని కొడుకు చెప్పిండు. ఆ తల్లి ప్రాణం అడ్డగూడూరు స్టేషన్ పాలయింది.

ఎందుకు చచ్చింది అని అడిగితే మొదట వినబడింది అనారోగ్యం మాట! మన మనుషులు స్టేషన్ల గుమ్మం తొక్కంగనే గుండెజబ్బులు ఎట్ల వస్తయో, దొరల బిడ్డలకు ఎందుకు రావో వైద్యశాస్త్రం చెప్పాలె. దళిత సంఘాలు, హక్కుల సంఘాలు రోడ్డెక్కినయి. ప్రతిపక్షం గూడ కదిలింది. వారం తిరిగేసరికి నాటి ముఖ్యమంత్రి ప్రకటన చేసిండు: కొడుక్కు సర్కారు కొలువు, ఇల్లు, 15 లక్షలు, బిడ్డలకు తలా 10 లక్షలు. ఎస్ఐనీ ఇద్దరు కానిస్టేబుళ్ళనూ ముందు సస్పెండ్ చేసి, జూలైలో కొలువులకెల్లి తీసేసిండ్రు. పీయూసీఎల్ హైకోర్టుకు పోతే, అవసరమైతే పాతిపెట్టిన శవాన్ని బయటికి తీసి మళ్ళా పోస్టుమార్టం చేయాలని కోర్టు ఆదేశించింది.

ఇది చిన్న గెలుపు కాదు. తెలంగాణల లాకప్ చావుకు ఇంత తొందరగా కదిలిన సర్కారును మేము చూడలే. కాని ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఆ లక్షలు ఎవరి పైసలు? కొట్టినోని జీతం పైసలా? కాదు. మీరూ మేమూ అగ్గిపెట్టె కొన్నా కట్టే పన్ను పైసలు. చంపినోని జేబు ముట్టుకోకుండ మన పైసలు మనకే ఇచ్చి దయ అన్నరు. ఇంకో మాట. ఆమె పేరు రాష్ట్రమంతా మోగింది గనుక దయ పుట్టింది. పేరు మోగని మనిషి సంగతేంది? దయ మీద బతికే హక్కుకు పత్రికల ఫొటోనే గతి.

కోయిలకుంట్ల జైలుగోడ

కృష్ణ దాటితే అప్పటి కర్నూలు జిల్లా. అక్కడ కోయిలకుంట్ల సబ్‌జైలుల 1977 మే నెలల ఒక రాత్రి బాంబు పడ్డది. లోపల తండ్రీ కొడుకూ ఉన్నరు. తండ్రి పోయిండు. కొడుకు దెబ్బలతో బతికిండు. మా ప్రాణానికి ముప్పు ఉన్నదని వాళ్ళు ముందే మొరపెట్టుకున్నరు. కాపలా మాత్రం సక్కగ లేదు. కొడుకు సర్కారు మీద దావా వేసిండు. కింది కోర్టు గడువు దాటిందని కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలు కట్టమన్నది. సర్కారు కట్టిందా? లేదు! సుప్రీంకోర్టు దాక పోయింది. ఏమని? జైలు నడుపుడు రాజ్యం చేసే సార్వభౌమ పని, అందులో తప్పు జరిగినా మమ్ముల అడిగే హక్కు ఎవరికీ లేదు అని! 2000 సంవత్సరం ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసింది. మనిషి జీవించే హక్కు ముందర ఈ సార్వభౌమం సాకు నిలవదని తేల్చింది.

లెక్క పెట్టుర్రి. 1977 నుంచి 2000. ఇరవై మూడేండ్లు. ఆ పోయినాయన మన వాడోడు కాదు, రెడ్డి. ఫ్యాక్షన్ రాజకీయాల పేరున్న కుటుంబం. వకీళ్ళను పెట్టుకునే శక్తి ఉన్నోళ్ళు. వాళ్ళకే సర్కారు ఒకటిన్నర లక్ష గూడ నిండని సొమ్ము ఇయ్యనీకి ఇరవై మూడేండ్లు కొట్లాడింది. మనకు వారంల చెక్కు ఇస్తున్నదంటే అది ప్రేమ అనుకుందామా? కాయితం మీద "పరిహారం" అనే మాట పడకుండ ఉండనీకి అనుకుందామా? మాదైతే రెండోదే.

అయితే ఆ రెడ్డి కుటుంబం గెల్చిన తీర్పు మనకు గూడ పనికొస్తది. అంతకుముందే ఒడిశాల ఒక తల్లి చూపెట్టింది. నీలావతి బెహరా. 1987 డిసెంబరుల ఆమె ఇరవై రెండేండ్ల కొడుకును పోలీసులు తీసుకపోయిండ్రు. తెల్లారి రైలు పట్టాల మీద శవమై దొరికిండు. ఆమె వకీలు కాడికి పోలే, సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఉత్తరాన్నే పిటిషన్ చేసుకున్న కోర్టు 1993 మార్చిల ఒకటిన్నర లక్ష పరిహారం కట్టమన్నది. ఇది కట్టినంత మాత్రాన సివిల్ దావా వేసే హక్కు గాని, చంపినోళ్ళ మీద క్రిమినల్ కేసు గాని పోదు అని గూడ అన్నది. ఈ మాట ప్రతి కార్యకర్త నోటికి రావాలె. పైసలు తీసుకుంటే కేసు పోదు. వేలిముద్ర వేస్తే పోతది, సాక్షి తిరగబడితే పోతది.

"రక్తం సొమ్ము" అనే మిత్రులకు

ఇక్కడ మా సొంత మిత్రులతో మాకొక పంచాయితీ ఉంది. దళిత ఉద్యమంలనే కొందరు అంటరు: "శవానికి ధర కట్టుడేంది? పరిహారం తీసుకునుడు అంటే అమ్ముడుపోవుడే. మాకు న్యాయం కావాలె, పైసలు వద్దు." వినడానికి మంచిగుంటది. మీటింగుల చప్పట్లు పడతయి. కాని మీటింగు అయినంక నువ్వు బస్సెక్కి పోతవు. ఆ విధవరాలు ముగ్గురు పిల్లలతోని అదే ఊర్ల, అదే పటేలు బాయి కాడ, అదే కూలికి తెల్లారి పోవాలె. ఆకలితోని ఉన్న సాక్షిని కొనుడు ఎంత సులువో మీకు తెల్వదా? కడుపుల అన్నం ఉన్న ఇల్లే కోర్టుల ఏడేండ్లు నిలబడతది.

మిర్యాలగూడ చూడుర్రి. 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ను పట్టపగలు ఆసుపత్రి ముంగట నరికించిండ్రు. కులం తక్కువోడు కోమటి బిడ్డను పెండ్లాడిండని. ఆ తర్వాత కేసు వాపసు తీసుకుంటే ఆస్తి రాసిస్తమని రాయబారాలు నడిచినయి. ఆ ఫిర్యాదు మీద 2019ల మళ్ళా అరెస్టులు అయినయి. ఆ కుటుంబం మెత్తబడలే. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. (ఉరి మీద మాకు వేరే అభిప్రాయం ఉన్నది, అది ఇంకోసారి.) ఆరున్నరేండ్లు! అంతకాలం నిలబడాలంటే ఇంటికి ఆసరా కావాలె.

కాబట్టి మా మాట ఒక్కటే. తీసుకోవాలె. హక్కుగా తీసుకోవాలె. వదులుకుంటున్నమని మాత్రం ఎక్కడా రాసియ్యొద్దు.

అట్రాసిటీ చట్టం కింద ఏముందో మన వాడలల్ల సగం మందికి తెల్వది. కులం పేరుతోని హత్య జరిగితే 1995 రూల్స్, 2016ల సవరించినంక, బాధిత కుటుంబానికి 8,25,000 రూపాయలు ఇయ్యాలె. సగం పోస్టుమార్టం కాంగనే, సగం చార్జిషీటు కోర్టుకు పోంగనే. శిక్ష పడేదాక ఆగే పని లేదు. దాని మీద విధవరాలికో ఆధారపడ్డోళ్ళకో నెలకు 5,000 మూల పెన్షన్, కరువు భత్యం అదనం. ఇంట్ల ఒకరికి కొలువు, సాగుభూమి, ఇల్లు, పిల్లలకు డిగ్రీ దాక చదువు ఖర్చు, మూడు నెలల బియ్యం, పప్పు, గిన్నెలు గూడ రాసి ఉన్నయి. కలెక్టరాఫీసుల ఏం చేస్తరు? మొదటి చెక్కు ఇచ్చి ఫొటో దిగుతరు. పెన్షన్ సంగతి ఎత్తరు. భూమి అంటే "సర్కారు భూమి లేదు" అంటరు. రూల్స్‌ల అవసరమైతే కొనైనా ఇయ్యాలని ఉన్నదని మనం చెప్పాలె. రూల్ నంబరు 12, సబ్‌రూల్ 4, దానికింద పట్టిక. ఇది రాసుకొని జేబుల పెట్టుకోర్రి.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఏసును నమ్ముకున్న మాల మాదిగలకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా లేకుండ చేసింది. మన కాడ వాళ్ళకిచ్చే సర్టిఫికెట్ బీసీ-సీ. కొట్టేటోడు మాదిగోడని కొడతడు, ఆఫీసుల మాత్రం "నువ్వు మాదిగ కాదు, క్రిస్టియన్" అంటరు! కాబట్టి సర్టిఫికెట్ల ఏమున్నదో ఫిర్యాదు రాసేనాడే చూసుకోవాలె. పేరు మరియమ్మో, యేసోబో అయినంత మాత్రాన సర్టిఫికెట్ మారదు.

గుంపు మేస్త్రీ చేతి మీది పైసలు

పాలమూరు కూలి అంటే దేశమంతా తెలుసు. దేశం నిండ ప్రాజెక్టులకు మన్ను మోసింది మన తాత తండ్రులే. 1979ల వలస కూలీల చట్టం వచ్చింది, ప్రతి కూలీకి పాస్‌బుక్ ఇయ్యాలన్నది. ఇన్నేండ్లల ఆ పాస్‌బుక్ చేతిల పట్టుకున్న పాలమూరు మనిషి మాకు ఎదురుపడలే. పుణెలనో బొంబాయిలనో మనిషి పోతే గుంపు మేస్త్రీ అంబులెన్సుల శవాన్ని పంపుతడు, ఖర్చులకు ఇరవై వేలు ఇస్తడు, ఆ ఇరవై వేల మీద గూడ వేలిముద్ర తీసుకుంటడు. అంబులెన్సు కిరాయి కోసుకుంటడు!

చట్టం ఏమంటదో వినుర్రి. 1923 నాటి నష్టపరిహారం చట్టం ప్రకారం, పని మీద చచ్చిన కూలి పరిహారాన్ని యజమాని కార్మికశాఖ కమిషనర్ కాడ జమ చెయ్యాలె. నేరుగా ఇంటోళ్ళ చేతిల పెట్టిన సొమ్ము పరిహారం కింద లెక్కకే రాదు. మూడు నెలల జీతం దాక అడ్వాన్సు ఇయ్యొచ్చు, అంతే. పరిహారం వదులుకుంటున్నమని రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. కాంట్రాక్టర్ పారిపోతే అసలు కంపెనీ కట్టాలె. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లకు తెచ్చి ఈ చట్టాన్ని సామాజిక భద్రత కోడ్‌ల కలిపిండ్రు. కోడ్‌ల మీద మాకు తగువులు చాలా ఉన్నయి. కాని చావు సొమ్ము అధికారి కాడనే జమ కావాలె అనే మాట అందులో గూడ ఉన్నది.

లెక్క గూడ చెప్తం. ముప్పై ఏండ్ల మనిషి. 2020 జనవరి నుంచి ఆ చట్టం నెల జీతం 15,000 దాక లెక్కల పట్టింది. అందులో సగం 7,500. ఆ వయసుకు చట్టం పెట్టిన గుణకం 207.98. గుణించుర్రి. 15,59,850 రూపాయలు. మేస్త్రీ ఇచ్చింది ఇరవై వేలు! మిగిలిన పదిహేను లక్షలు ఎవడు తిన్నట్టు? ఆ వేలిముద్ర విలువ అది.

కమిషనర్ కాడ జమ అయితే ఇంకో మేలు ఉన్నది. పంచేది కమిషనర్. విధవరాలి వాటా మరిది మింగడు, పిల్లల వాటా బ్యాంకుల ఉంటది. ఈ మాట మన మగవాళ్ళకు చేదుగ ఉంటది, అయినా రాస్తున్నాం.

2018 ఏప్రిల్ 6. నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల కాడ మిరపకాయ ఏరబోతున్న లంబాడ ఆడకూలీల ట్రాక్టరు కాలువల పడ్డది. తొమ్మిది మంది ఆడోళ్ళు పోయిండ్రు. కూలీలను ట్రాలీల ఎక్కించుకపోతే ఇన్సూరెన్సు కంపెనీలు ఏమంటయో తెలుసా? ట్రాక్టరు వ్యవసాయానికి, మనుషులకు కాదు, మాకు సంబంధం లేదు అంటయి. పొద్దుగాల చేనుకు తోలుకపోవనీకి మన ఊర్లల్ల ఇంకేమైనా బండి ఉన్నదా? ఇంకో వాదన, ఇంట్ల ఆడిది ఏం సంపాదిస్తది అని. దానికి జవాబు 2021 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది. వంట, పిల్లలు, ముసలోళ్ళ సేవ, అంతా పనే, దానికి వెల కట్టాల్సిందే అన్నది. బండి ప్రమాదాల క్లెయిముకు 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టిండ్రు. ఆ గడువు మీద సుప్రీంకోర్టుల కొట్లాట ఉంది గాని దాన్ని నమ్ముకొని కూసోవద్దు. పెద్దదినం కాంగనే వకీలును కలవాలె.

మన కాడికి వచ్చి పోయినోళ్ళను గూడ మరువొద్దు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నరు. ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినోళ్ళు. నల్లగొండ ఫ్లోరైడు గొంతుకు కృష్ణ నీళ్ళు తెచ్చే సొరంగం అది. మార్చిల రెండు శవాలు బయటికి వచ్చినయి. ఏప్రిల్‌ల వెతుకుడు ఆపిండ్రు. శవం దొరకనోని చావు రుజువు కాకపోతే, ఏడేండ్లు జాడ లేకుంటే గాని పోయినట్టు లెక్క కాదంటది సాక్ష్య చట్టం. ఆ ఇండ్ల ఆడోళ్ళ గతి ఆలోచించుర్రి. ఒకప్పుడు పరాయి రాష్ట్రంల మన తాతల శవాలు ఎట్ల అనాథలైనయో, మన గడ్డ మీద వాళ్ళ మనుషులు అట్ల కావొద్దు.

ఆ మొదటి రోజు

అంతా ఆ మొదటి రోజులనే ఉంటది. శవం కాలిపోతే సాక్ష్యం కాలిపోయినట్టే. పాతిపెడితే కొంత నయం, అడ్డగూడూరు కేసుల హైకోర్టు తవ్వమన్నది అందుకే సాధ్యమైంది. పోస్టుమార్టం కాకుండ శవాన్ని కదలనియ్యొద్దు. "కోసుడు ఎందుకు, పుణ్యం పోతది" అని చెప్పేటోని ముఖం గుర్తుపెట్టుకోర్రి, సాయంత్రం స్టాంపు కాయితం తెచ్చేది వాడే. శవపంచనామాల ఏం రాసిండ్రో చదివించుకోవాలె. "కూలి లేదు, తాగుబోతు" అని రాస్తే సంతకం పెట్టొద్దు. రోజుకూలి ఎంతో అందులో రాయించాలె, తర్వాత పరిహారం లెక్క దాని మీదనే నడుస్తది. పరాయి రాష్ట్రంల పోయినా ఇక్కడి స్టేషన్లనే జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలె, 2024 జూలై నుంచి నడుస్తున్న కొత్త చట్టంల ఆ మాట ఉంది. లాకప్ చావు అయితే ఎమ్మార్వో విచారణతోని తృప్తి పడొద్దు, జ్యుడీషియల్ మేజిస్ట్రేటే విచారించాలె. పోస్టుమార్టం వీడియో తీయమని రాసి అడగాలె.

చివరికి మన వాడలోళ్ళ గురించే ఒక మాట. పెద్దమనుషుల పక్కన నిలబడి "ఒప్పుకో అక్కా, నేను ఉన్న గద" అనేటోడు ప్రతిసారి అగ్రకులపోడు కాదు. మన ఇంటిపేరోడే. నీలి కండువా ఏసుకున్నోడే. లక్షకు పదివేలు వాని వాటా. ఏప్రిల్ పద్నాలుగున విగ్రహానికి దండ వేసేది ఆ చేతితోనే. పటేలు మోసం బయటికి కనబడుతది, వీనిది కనబడదు. వానిని మీటింగుల ముందు వరుసల కూసోబెడుతున్నది మనమే. ఈ మాట రాసినందుకు కొందరు ఈ పత్రిక కొనుడు బంద్ చేస్తరు. చేయనియ్యి.

మీ ఊర్ల ఇట్లాంటి స్టాంపు కాయితం ఏదైనా ఉంటే, ఎంత పాతదైనా సరే, జిరాక్స్ తీసి మాకు పంపుర్రి. ఎంత ఇచ్చిండ్రు, ఎవరు సాక్షి సంతకం పెట్టిండ్రు, శవం లేచిన ఎన్నో రోజు రాసిండ్రు, ఇవి ఒక చీటీ మీద రాసి జత చేయుర్రి. అసలు కాయితం మాత్రం ఎవరికీ ఇయ్యొద్దు. మాకు గూడ ఇయ్యొద్దు.